లైటు తక్కువైంది బాబూ

మా అమ్మాయి నిత్య యూనివర్సిటీలో కామర్స్ చదువుతోంది. కామర్స్ చదివేవాళ్ళకి సినిమాల మీద ఒక సబ్జెక్టు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు గాని, ఉంది. మొన్నొక సాయంత్రం భోజనాల దగ్గర తన ఫోను నా ముందుకి జరిపి, "అమ్మా, సాటర్‌డే ఆర్వో ఏమీ పెట్టుకోవద్దు. ఈ ఓల్డ్ జాపనీస్ ఫిల్మ్ మళ్ళీ థియేటర్‌లో వేస్తున్నారు. నువ్వూ నాన్నా కూడా రావాలి. ఇట్స్ ఎ లవ్ స్టోరీ, కైండాఫ్," అంది. ఆర్వో అంటే వీళ్ళ భాషలో మధ్యాహ్నం. ఫోనులో పోస్టరు ఉంది. తెల్ల గౌను వేసుకున్న ఒకమ్మాయి కుర్చీ అంచున కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. తల వంచుకుని ఎంతో బుద్ధిగా ఎక్కిస్తోంది. ఆ బుద్ధి చూసే కదా అప్పట్లో మాతో ఒకే ఇంట్లో ఉన్న ఖాదర్ అదేదో ప్రేమకథ అనుకుని వీడియో షాపు నుంచి పట్టుకొచ్చాడు! నేను ఫోను మా ఆయన వైపు జరిపాను. ఆయన చూసి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. ఏం మాట్లాడాలో తోచనప్పుడల్లా ఆయన కళ్ళజోడుకి మురికి పడుతుంది. "ఇది మేం చూశామమ్మా," అన్నారు చివరికి. "నో వే! ఎప్పుడు?" అంది పిల్ల. పెండిల్ హిల్‌లో ఉన్నప్పుడు అని మాత్రం చెప్పి, నేను కంచాలు తీయడానికి లేచాను.

సిడ్నీ శివార్లలోని ఆ పెండిల్ హిల్ ఇల్లు తలుచుకుంటే నాకు ముందు వాసన గుర్తొస్తుంది. స్టేషన్‌కి దగ్గర్లో పాత ఇల్లు, పలచటి గోడలు, గచ్చు కనపడకుండా గోడ నుంచి గోడ దాకా పరిచిన ముదురు గోధుమరంగు కార్పెట్టు. ఆ కార్పెట్టు వారమంతా మా ఉల్లిపాయల వేపుడు వాసనని లోపల దాచుకుని, వాన పడ్డ రోజున తిరిగి మాకు అప్పజెప్పేది. పెళ్ళయి తెనాలి నుంచి నేను దిగేసరికి అది బ్రహ్మచారుల ఇల్లు. మా ఆయన, ఒంగోలు శేషు, గుంటూరు ఖాదర్. అందరూ కంప్యూటర్లవాళ్ళే. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములన్నీ తేదీలు మర్చిపోయి తలకిందులవుతాయని కంపెనీలు హడలిపోతున్న కాలం కనక, వీళ్ళకి శనాదివారాల్లో కూడా పిలిచి పని ఇచ్చేవారు. పెళ్ళయిన వాళ్ళమని మాకు తలుపున్న ముందుగది ఇచ్చారు. వంటిల్లూ, హాలూ, బాత్రూమూ అందరివీ. నాకు తమ్ముళ్ళు లేరు. వచ్చిన వారానికే ఇద్దరు దొరికారని సంబరపడ్డాను. ఖాదర్ పద్మక్కా అనేవాడు, శేషు వదినా అనేవాడు.

శనివారం మధ్యాహ్నం ఆ ఇంటికి పండగ. పొద్దున్నే వాషింగ్ మెషిన్ తిరిగేది. పెరట్లో గొడుగులా తిరిగే దండెం మీద చొక్కాలన్నీ ఆరేవి. ఖాదర్ శ్రీలంక వాళ్ళ షాపు నుంచి కరివేపాకు తెచ్చి బిర్యానీకి కూర్చునేవాడు. తాలింపు వేయగానే పొగ అలారం కుయ్యోమనేది, శేషు తువ్వాలు తీసుకుని దాని కింద గంతులేసేవాడు. తిన్న తర్వాత అందరూ టీవీ ముందు చేరేవారు. పక్కవీధి షాపులో మూడు క్యాసెట్లు అద్దెకి తీసుకుంటే నాలుగోది ఊరికే ఇచ్చేవాడు. మూడు తెలివిగా ఎంచుకునేవారు, నాలుగోది ఏది చేతికొస్తే అది. ఆ క్యాసెట్లు చూడటం అయిపోతే, ఇండియా నుంచి కొరియర్‌లో వచ్చినవి ఉండేవి. అవి పెళ్ళికూతుళ్ళ క్యాసెట్లు.

ఇప్పటివాళ్ళకి చెబితే నవ్వుతారో, తిడతారో తెలియదు. కుర్రాళ్ళకి దొరికేది రెండుమూడు వారాల సెలవు. దిగి, చూసి, నచ్చి, చేసుకుని, తిరిగి విమానం ఎక్కాలి. అందుకని ఆడపిల్లలవాళ్ళే పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఆయన్ని పిలిపించి, పిల్లని గుమ్మం నుంచి గేటు దాకా నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి పేరూ చదువూ చెప్పించి, ఆ క్యాసెట్టు పంపేవారు. పెళ్ళిచూపులకు ముందు చూపులన్నమాట. నన్నూ తీశారు. సిగ్గుపడ్డానని రాస్తే అబద్ధం. నాకు చాలా సరదాగా ఉండింది. ఆకుపచ్చ వెంకటగిరి చీర కట్టుకుని గేటు దాకా రెండుసార్లు నడిచాను. మొదటిసారి కుక్క అడ్డొచ్చింది. స్టూడియో ఆయన ఇంకో ఊళ్ళో పెళ్ళి ముగించుకుని పొద్దుపోయాక వచ్చాడు. సగం తీసేసరికి కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు పట్టుకుని మిగతాది కానిచ్చాడు. రెండో చీర కట్టుకోవడానికి నేను లోపలికెళ్ళాను. మా ఇంట్లో వీసీఆర్ లేదు కనక, ఆ క్యాసెట్టు మేమెవరమూ చూడలేదు. స్టూడియో నుంచి నేరుగా సిడ్నీ వెళ్ళిపోయింది. నెల తిరక్కుండానే నచ్చిందని ఫోను వచ్చింది. ఎవరెవరినో కాదని నన్ను ఎంచుకున్నారని తెలిసి, నా స్నేహితుల దగ్గర ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

మా నాన్న తెనాలిలో పెద్ద బట్టల షాపులో సేల్స్‌మాన్. పెళ్ళిబట్టలకొచ్చేవాళ్ళు ఆయన్ని పేరు పెట్టి అడిగేవారు. తెల్ల పరుపు మీద మఠం వేసుకుని కూర్చుని, ఒక్క విసురుతో చీర పరిస్తే అంచూ కొంగూ రెండూ కొనేవాళ్ళ ముందుకి వచ్చి వాలేవి. ఇంటికొచ్చినా చేతులు ఊరుకునేవి కావు. అమ్మ ఆరేసిన దుప్పట్లు కూడా మడత మీద మడత తూచినట్టు పెట్టేవారు. ఆయన దగ్గర కొత్త బట్టల గంజి వాసన వచ్చేది. జ్వరం వచ్చినప్పుడు ఆ చొక్కాకి మొహం ఆనించుకుంటే నాకు నిద్రపట్టేది. ఆయనకొక పద్ధతి ఉండేది. ట్యూబులైటు కింద రంగు నమ్మొద్దనేవారు. ఎవరైనా చీర పట్టుకుని ఇది మరీ ముదురుగా ఉందేమో అని సందేహిస్తే, "లైటు తక్కువైందమ్మా, ఇటు రండి," అని చీర భుజాన వేసుకుని వీధిలోకి నడిచి, ఎండలో పరిచి చూపించేవారు. చీరలో ఎక్కడైనా పోగు లేచి ఉంటే అదీ ఆ ఎండలోనే తనే చూపించేవారు. ఓనరు విసుక్కున్నా మానలేదు. లైటు తక్కువైంది అనే ఆ మాట నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

అందుకే పెండిల్ హిల్ ఇంట్లో ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వచ్చిన మొదటి వారం వంకాయ కూర అడుగంటి నల్లగా అయిపోయింది. శేషు గరిటెతో తీసి చూసి, చేతులు జోడించి, మెడ కొంచెం పక్కకి వంచి, "లైటు తక్కువైంది బాబూ!" అన్నాడు. ఖాదర్ పకపకా నవ్వాడు. నేనేమో, "అరె, మా నాన్నగారు కూడా షాపులో అచ్చం ఇలాగే అంటారు!" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని, పొట్టలు పట్టుకుని నవ్వారు. శేషు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. మా ఆయన మంచినీళ్ళ కోసం లేచి వెళ్ళారు. నేను మాట్లాడితే జనం ఇంతలా నవ్వడం నాకు కొత్త. ఇల్లు నన్ను కలుపుకుందనుకున్నాను. అక్కడితో ఊరుకున్నానా! చీర విసరడం, ఓనరు వైపు ఓరగా చూడడం, బేరం తెగకపోతే మడత పెడుతూ పెట్టే నిట్టూర్పు, అన్నీ చేసి చూపించాను. కొత్తకోడలు చలాకీగా ఉందనిపించుకోవాలన్న ఆత్రం. ఆ తర్వాత బల్బు మాడినా, టీ చిక్కగా వచ్చినా, ఎవరైనా ఎండకి నల్లబడినా అదే మాట. నేనూ అనేదాన్ని. ఆదివారం ఫోన్‌కార్డు గీకి ఇంటికి చేసినప్పుడు నాన్నకి చెప్పాను కూడా. "ఇక్కడ మా వాళ్ళు రోజూ మీ మాటే అంటారు నాన్నా." ఆయన పొంగిపోయారు. "ఆస్ట్రేలియాలో కూడానా!" అని షాపంతా చెప్పుకున్నారట.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ కూలిపోలేదు. మునుగుతామని జీతాలిచ్చినవాళ్ళు మునగనందుకు కోపం వచ్చినట్టుగా కాంట్రాక్టులు తగ్గించేశారు. శనివారాలు అందరూ ఇంట్లోనే. వరంగల్ నుంచి పవన్ అనే కుర్రాడు కొత్తగా వచ్చి చేరాడు. అలాంటి ఒక శనివారమే ఖాదర్ ఆ నాలుగో క్యాసెట్టు, తెల్ల గౌను అమ్మాయి బొమ్మ ఉన్నది, తెచ్చాడు. కథ కూడా ప్రేమకథలాగే మొదలైంది. పియానోలు అమ్మే ఒకాయనకి భార్య పోతుంది. మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. స్నేహితుడు ఒక ఉపాయం చెబుతాడు. షాపులో పనికి ఆడపిల్లలు కావాలని ప్రకటన వేస్తారు. పాపం, వాళ్ళు ఉద్యోగం అనుకుని వస్తారు. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, నడవమని, నవ్వమని, ఒక పాట వాయించమని, ఇద్దరు మగాళ్ళూ బల్ల వెనక నుంచి చూస్తుంటారు.

"ఓరి నాయనో, మన శనివారాలే కదరా ఇవి!" అన్నాడు శేషు. అందరూ నవ్వారు. నేను మిరపకాయ బజ్జీల పళ్ళెం పట్టుకుని వచ్చి కింద కూర్చున్నాను, నేనూ నవ్వాను. తెరమీద ఒకమ్మాయి కొంచెం చీకట్లో కూర్చుంది. శేషు వెంటనే చేతులు జోడించి మెడ వంచాడు. "లైటు తక్కువైంది బాబూ!"

పవన్ బజ్జీ నములుతూ అడిగాడు. "ఏంది భయ్యా గీ లైటు ముచ్చట? నేనొచ్చిన కాడ్నించి ఇంటున్న."

"నీకు చూపించలేదా? మన తెనాలి మావయ్య డైలాగ్ రా అది. క్యాసెట్ మధ్యలో వస్తాడు చూడూ..." శేషు కళ్ళు టీవీ మీద ఉన్నాయి. మాట సగంలో ఉండగా అతనికి నేను గుర్తొచ్చాను. నాలుక కరుచుకున్నాడు. ఖాదర్ తల దించుకున్నాడు. మా ఆయన కళ్ళజోడు తీశారు.

ఆ ఇంట్లో తెనాలి నుంచి వచ్చిన క్యాసెట్టు నాది ఒక్కటే. వాళ్ళు నా తండ్రిని చూసి నవ్వుతున్నారన్నది తర్వాతి సంగతి. నేను ఇన్నాళ్ళూ వాళ్ళతో కలిసి నవ్వానే, వాళ్ళకి తెలియని అభినయాలు కూడా నేర్పించానే, అది ముందు గుర్తొచ్చింది. అక్కడి నుంచి లేచిపోవాలి. లేస్తే ఏడుస్తాను. ఏడుస్తే ఎందుకో అందరికీ తెలుసు. కూర్చున్నాను. నేను కూర్చున్నానని వాళ్ళూ కూర్చున్నారు. ఎవరు ముందు లేస్తే వాళ్ళు నా మొహం చూడాలి. అందరం కుక్కిన పేనుల్లా ఆ టీవీని చూస్తూ ఉండిపోయాం.

ఇంతలో సినిమా దారి మారింది. పియానోలాయన ఎంచుకున్న అమ్మాయి నెమ్మదస్తురాలు. "నన్నొక్కదాన్నే చూస్తారు కదా?" అని అడుగుతుంది, ఆయన మాటిస్తాడు. తర్వాత ఆమెకి ఆ బల్ల సంగతి, మిగతా అమ్మాయిల సంగతి తెలుస్తుంది. ఒకరోజు ఆయన టీలో ఏదో కలుపుతుంది. ఆయన కదల్లేక పడుకుని ఉంటే, తెల్ల గౌను సర్దుకుని పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, ఆయన కనురెప్పలు మూతపడకుండా పైకి కుట్టడం మొదలుపెడుతుంది. చూస్తానన్నారు కదా, చూస్తూనే ఉండండి అంటుంది, చాలా ప్రేమగా. ఖాదర్ రిమోట్ అందుకున్నాడు. "పద్మక్కా, ఇది మనం చూసేది కాదక్కా, ఆపేస్తా." "ఉండనీ ఖాదర్. ఊరికే వచ్చిందేగా, చూద్దాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పవన్ దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. శేషు వాంతి వచ్చేవాడిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం భయం వేయలేదు. ఇంకో కుట్టు వెయ్యి, ఇంకోటి వెయ్యి అనుకుంటూ చూశాను. ఎవరెవరి కళ్ళో ఊహించుకున్నాను కూడా. వండిపెట్టిన చేతులతోనే అలా ఊహించుకున్నందుకు ఆ సాయంత్రమే సిగ్గేసింది. ఇన్నేళ్ళయినా అది పోలేదు.

సోమవారం అందరూ ఆఫీసులకి పోయాక టీవీ కింద అల్మరా తీశాను. వెనక వరసలో దొరికింది. వేసుకుని చూశాను. ఆకుపచ్చ చీరలో నేను, గేటు, కుక్క. బొమ్మ శుభ్రంగానే ఉంది. తర్వాత నేను లోపలికి వెళ్ళాను. స్టూడియో ఆయన కెమెరా ఆపలేదు. ఎమర్జెన్సీ లైటు వెలుతుర్లోకి మా నాన్న వచ్చి నిలబడ్డారు. అక్కడి నుంచి బొమ్మ మీద తెల్లటి గీతలు. ఒకే చోట పదేపదే వెనక్కి తిప్పి చూస్తే టేపు అలా అరిగిపోతుంది. ఆ గీతల్లో నుంచే ఆయన చేతులు జోడించారు. "నమస్కారం. కరెంటు పోయిందండి. లైటు తక్కువైంది బాబూ. మా అమ్మాయి ఇంత నలుపు కాదు. పగటి వెలుతుర్లో చూస్తే అసలు రంగు మీకే తెలుస్తుంది. ఎప్పుడొచ్చినా చూసుకోవచ్చు." అని, ఆ మాటలు నాకు వినపడ్డాయేమోనని వెనక్కి తిరిగి తలుపు వైపు చూసుకున్నారు. వినలేదని నమ్మకం కలిగాక, కెమెరా వైపు తిరిగి మళ్ళీ చేతులు జోడించారు. అంతే. నవ్వు రావడానికి అందులో ఉన్నది ఆ మెడ వంపు ఒక్కటే. ఎండలోకి రమ్మని కొనేవాళ్ళని పిలిచేటప్పుడు కూడా ఆయన మెడ అలాగే వంగేది.

సాయంత్రం బట్టలు తీస్తూ దండెం దగ్గర మా ఆయన్ని అడిగాను. "మీరూ నవ్వారా?"

"నవ్వాను," అన్నారు. ఇద్దరి మధ్యా తడి ఆరని దుప్పటి ఒకటి వేలాడుతోంది. ఆయన మొహం నాకు కనపడలేదు. అందుకేనేమో మాట్లాడగలిగారు. "అందరితో కలిసి నవ్వాను పద్మా. మర్నాడు ఎవరూ లేనప్పుడు మళ్ళీ వేసుకుని చూశాను. ఆయన తలుపు వైపు తిరిగి చూస్తారు కదా... అది చూశాక చాలా సిగ్గేసింది. ఇంటికి ఫోన్ చేసి ఈ సంబంధం ఖాయం చెయ్యమన్నాను."

"నేను నచ్చి కాదా?"

"నువ్వు నచ్చావు. కానీ సరే అన్నది మాత్రం ఆ సిగ్గుతోనే."

"మరి వాళ్ళనెందుకు ఆపలేదండీ? నేను కూడా ఆ మాట అంటుంటే విన్నారే!"

వీళ్ళతోనే కలిసి ఉండాలి, ఇదే కార్లో ఆఫీసుకెళ్ళాలి, చెబితే నీకూ తెలిసిపోతుంది, రోజు రోజుకీ ఇంకా ఆలస్యమైపోయింది, ఇలా ఏవో అన్నారు. అవన్నీ నిజాలే. పిరికితనంలో అబద్ధాలు ఉండనక్కర్లేదని నాకు ఆ రోజు తెలిసింది. ఎవరినో కాదని నన్ను ఎంచుకున్నారని గర్వపడినదాన్ని, సిగ్గుతో సరేనన్నారని విన్నాక ఏమనుకోవాలో తెలియక, క్లిప్పులు ఏరి బుట్టలో వేసుకుంటూ నిలబడ్డాను. మర్నాడు శేషు వంటింట్లో నా వెనకాల చాలాసేపు తచ్చాడి, "వదినా, సారీ," అన్నాడు. "అన్నం ఉడికింది, తిను," అన్నాను. ఆ మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరి నోటా వినపడలేదు. కొన్నాళ్ళకి అందరం తలో ఇంటికి మారిపోయాం. ఖాదర్ పెర్త్‌లో కానింగ్ వేల్ వెళ్ళాడు, శేషు కాన్‌బెర్రాలో స్థిరపడ్డాడు. క్యాసెట్టు నా సూట్‌కేసులో నాతోనే వచ్చింది. దాన్ని ఆడించే మెషిన్ ఇప్పుడు మా ఇంట్లో లేదు.

నిత్యకి నడక వచ్చిన ఏడాది మా నాన్న సిడ్నీ వచ్చారు. అప్పటికి అమ్మ లేదు. వచ్చీ రాగానే నా అల్మరాలో చీరలన్నీ తీసి మళ్ళీ మడతపెట్టారు. ఆయన్ని చూడాలని పాతవాళ్ళందరూ ఒక శనివారం పిల్లాపాపలతో మా పెరట్లో చేరారు. కాన్‌బెర్రా నుంచి శేషు, అంత దూరం నుంచి ఖాదర్ కూడా వచ్చారు. బార్బీ అనే పెరటి పొయ్యి దగ్గర చికెన్ కాలుస్తున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పొద్దున్నించీ ఆయన దేనికో ఎదురుచూస్తున్నట్టు నాకనిపిస్తూనే ఉంది. ఎందుకో అప్పుడు తట్టలేదు. పొద్దు వాలుతుండగా పవన్ కెమెరా తీసి, "అందరొక్క తాన నిల్సోండ్రి, అంకుల్ నడుమ," అన్నాడు. అందరూ సర్దుకుని నిలబడ్డారు. అప్పుడు నాన్న రెండడుగులు ముందుకొచ్చి, అటూ ఇటూ చూసి, కళ్ళలో మెరుపుతో, కొంచెం ఆగి, మెడ వంచి చేతులు జోడించారు.

"లైటు తక్కువైంది బాబూ!"

ఒక్కరూ నవ్వలేదు. ఈ కుర్రాళ్ళు తన మాటని రోజూ చెప్పుకుంటారని, దాన్ని ఇష్టపడతారని నేనే కదా చెప్పింది. వాళ్ళకి ఇవ్వడానికి ఆయన ఆ మాటొకటి అంత దూరం మోసుకొచ్చారు. నవ్వుతారని ఆగి, ఒక్కొక్కరి మొహం చూశారు. ఆయన చేతులు సగంలో విడిపోయాయి. నా వైపు తిరిగి, షాపులో ఓనరు కోప్పడినప్పుడు కూడా నేను వినని చిన్నగొంతుతో అడిగారు. "నేనేమన్నా తప్పు మాట్లాడానా అమ్మా?"

"లేదు నాన్నా. నిజంగానే తక్కువైంది. ఉండండి," అని నేను పరుగెత్తి పెరటి లైటు వేశాను. పవన్ ఫోటో తీశాడు. ఆ రాత్రి కాదు, ఆ తర్వాత ఆయన ఉన్న నెలల్లో కూడా కాదు, ఎప్పుడూ నేను ఆయనకి సంగతి చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆయన మళ్ళీ ఆ మాట అనగా నేను వినలేదు. నిత్యకి గౌను కొనడానికి షాపుకెళ్ళినా, వెలుతుర్లోకి తెచ్చి రంగు చూడకుండా, మడత విప్పకుండానే నా చేతిలో పెట్టేసేవారు. పోయేదాకా అంతే. ఒక మనిషి చేతిలోంచి ఆయన పనిముట్టు లాగేసుకున్నట్టయింది నాకు.

నిత్య చెప్పిన శనివారం నాడు ముగ్గురం ఆ సినిమాకి వెళ్ళాం. పెద్ద తెర మీద ఆ బల్ల, ఆ కుర్చీ, ఒక్కొక్కరే వచ్చి కూర్చునే ఆడపిల్లలు. హాల్లో కుర్రకారు అక్కడ నవ్వారు. నిత్య నవ్వలేదు. "దిస్ ఈజ్ ద క్రీపీ పార్ట్," అని నా చెవిలో గొణిగింది. సూది వచ్చినప్పుడు తను వేళ్ళ సందుల్లోంచి చూసింది. నేను ఈసారి కళ్ళు మూసుకున్నాను. వయసు మీద పడిందో, కోపం చల్లారిందో, ఆ కళ్ళు ఎవరివైనా కళ్ళే అనిపించింది. మధ్యలో తెరిచి చూస్తే, మా ఆయన మాత్రం రెప్పవేయకుండా చూస్తున్నారు.

ఇంటికొచ్చి టీ పెట్టాను. నిత్య కప్పు పట్టుకుని హాల్లో తిరుగుతూ గోడమీది ఫోటో ముందు ఆగింది. ఆ రోజు పెరట్లో పవన్ తీసిన, రోజూ చూసే ఫోటోనే. "అమ్మా, వెయిర్డ్ కదా ఇది? శేషు అంకుల్, ఖాదర్ అంకుల్, నాన్న, ఎవ్రీవన్ ఈజ్ లుకింగ్ ఎట్ ద గ్రౌండ్. తాతయ్య ఒక్కరే కెమెరా చూస్తున్నారు. వై?" అంది.

నేను ఏదో ఒకటి చెప్పి దాటేసేదాన్నే. మా ఆయన కళ్ళజోడు తీయలేదు. "కూర్చో, చెబుతాను," అన్నారు. క్యాసెట్ల నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పారు, తను నవ్విన సంగతి, దండెం దగ్గర నాకు సాకులు చెప్పిన సంగతి. తెలుగులోనే చెప్పారు. పిల్ల ఒక్కసారి కూడా ఇంగ్లీషులో అడ్డురాలేదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన ఆగిపోయారు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా రాలేదు. చివరికి నేనే అన్నాను. చేతులు జోడించలేదు, మెడ వంచలేదు. ఊరికే అన్నాను. లైటు తక్కువైంది బాబూ, మా అమ్మాయి ఇంత నలుపు కాదు.

నిత్య ఇంకా వినడానికి ఎదురుచూసింది. ఇంకేదో ఉంటుందనుకుంది పాపం. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నిజంగా అర్థం కాక అడిగింది.

"అంతేనా? ఇందులో నవ్వడానికి ఏముంది?"

ఆయన నా వైపు చూశారు. నేను టీ కప్పులు తీశాను.